తాటిబెల్లం పడిన మావుకట్టు

ఆస్పత్రి కొలువుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, "మీ రోజుల్లో ఎక్స్‌రే లేకుండా ఎముకల్ని ఎలా చూసేవాళ్ళు సార్?" అని అడుగుతుంటారు. చూసేవాళ్ళం కాదు నాయనా, ఊహించేవాళ్ళం. ఎక్స్‌రే యంత్రం మదురైలో ఉందని వినేవాళ్ళం, ఇంద్రలోకంలో ఐరావతం ఉందని విన్నట్టే.

నాకింకా యాభై నిండలేదు. ఏళ్ళ తరబడి సున్నప్పొడిలో నానిన చేతులు చర్మం ఊడి మొరాయిస్తే, "ఇక చాలు, ఇంటికెళ్ళు" అని ముందుగానే పంపించేశారు. అప్పట్నుంచీ కబుర్లు చెప్పడమే నా వృత్తి. ఈ వృత్తికి మా ఆవిడ ఒక నియమం పెట్టింది. నా మాటలు వినడానికి ఎవరొచ్చినా మజ్జిగ ఇస్తూ, "ఆయన చెప్పేది నాలుగుతో భాగించుకోండి" అని చెప్పి లోపలికి వెళ్తుంది. మీరూ అలాగే భాగించుకోండి. భాగించాక కూడా మిగిలేంత సరుకుంటేనే నేను నోరు తెరుస్తాను.

నేను పనిచేసింది విరుదునగర్‌లో. పాతవాళ్ళ నోట ఇంకా విరుదుపట్టే. పత్తి, మిరప వర్తకులు చందాలేసుకుని పెట్టిన ధర్మాసుపత్రి అది. ఎండుమిరప గోదాముల పక్కనే ఉండటంతో లోపలికొచ్చిన రోగి ముందు పదిసార్లు తుమ్మి, తర్వాతే రోగం చెప్పేవాడు. ఆ తుమ్ములతో సగం రోగాలు వదిలిపోయేవి. మిగిలిన సగం మేం చూసేవాళ్ళం.

నా పని కట్లు కట్టడం. పుట్టింది మగ్గం ఇంట్లో గనక గుడ్డ నాకు దగ్గర చుట్టం. పల్చటి నేత గుడ్డను పట్టీలుగా చించి, వాటి మీద డాక్టర్లు ప్లాస్టర్ అనే తెల్లటి సున్నప్పొడి చల్లి, అరచేత్తో రుద్ది, చుట్ట చుట్టి డబ్బాలో దాచేవాణ్ణి. కావలసినప్పుడు ఆ చుట్టను నీళ్ళలో ముంచి విరిగిన కాలికో చేతికో చుడితే, ఆకూ వక్కా నమిలి ఉమ్మేలోగా రాయి అయ్యేది. ఆ సీమ జనం దాన్ని మావుకట్టు అంటారు. మావంటే వాళ్ళకి పిండి. పొడి చూస్తే పిండిలాగే ఉంటుంది మరి. ఒకసారి ఒకావిడ తన మొగుడి చేతికి కట్టు కడతామంటే, మా ఆస్పత్రి పిండి మీద నమ్మకం లేక, ఇంట్లో విసిరిన బియ్యప్పిండి కుంచెడు తెచ్చి నా ముందు పోసింది.

మా డాక్టరుగారు మద్రాసులో చదువుకున్న మనిషి. ఇంట్లో తెలుగే మాట్లాడేవారు, కానీ అది ఇస్త్రీ చేసిన తెలుగు. ఆయన ఎంత సన్నమంటే ఎదురుగాలికి నడిస్తే వెనక్కి వెళ్ళేవారు. గొంతు అంతకంటే సన్నం. కానీ చేతులు మాత్రం వేరే ఎవరివో తెచ్చి అతికించినట్టు, కమ్మరి చేతులు. మా నర్సమ్మది తిరునల్వేలి వైపు. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేది, మిగతా ఆరు రోజులూ మమ్మల్ని చర్చిలో ఉన్నట్టే ఉంచేది. ఆమె సబ్బుతో చేతులు కడిగిస్తే పోయిన జన్మలో అంటిన మట్టి కూడా పోయేది.

ఒకనాడు కోవిల్‌పట్టి పక్క నల్లరేగడి పల్లె నుంచి ఒక అవ్వ మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. వందల ఏళ్ళ కిందట ఎప్పుడో తెలుగు దేశం నుంచి వచ్చి, అక్కడ జొన్నా పత్తీ పండించుకుంటున్న మోతుబరి ఇంటి మనిషి. చెవుల తమ్మెలు భుజాల దాకా వేలాడుతున్నాయి. మనవడికి ఇరవై ఉంటాయి. చక్కటి కుర్రాడు, నడుము దాకా. అక్కణ్ణుంచి కుడికాలు తన దారి తాను చూసుకుంది. మోకాలు లోపలికి వచ్చి ఎడమ మోకాలిని ఢీకొంటుంది, పాదం ఎక్కడో పొరుగు చేలో ఉంటుంది. చిన్నప్పుడు బండి మీంచి పడితే మోకాలి పైన ఎముక విరిగిందట. నాటువైద్యుడు కట్టు కట్టాడు, ఎముక అతుక్కుంది. కానీ ఆ తర్వాత ఎముక ఒకపక్కే పెరిగి, రెండోపక్క అలిగి కూర్చుంది. పోనుపోను కాలు వంకరైంది. ఇప్పుడు నొప్పి కూడా మొదలైంది.

"అయ్యా," అంది అవ్వ డాక్టరుగారితో, "ఒక పెద్దూరి డాక్టరుకు చూపిస్తిమి. ఆయన కాలు నేరుగా చేస్తా అన్నాడు. ఆనా మోకాలు ఇంక ముడవదంట. కీలుకు బీగం వేస్తాడంట. ముడవని కాలు కాలా, కట్టెనా? మా ఇండ్లలో నేలమీద దాన్ కూసుంటాము, నేలమీద దాన్ తింటాము. వీడొక్కడికి కుర్చీ యాడ తెచ్చేది? తెస్తిమే అనుకో, దేవరాట్టానికి కుర్చీ ఎక్కి ఆడతాడా?"

ప్రతి మాటకీ ఒక 'దాన్' తగిలించడం, 'కానీ'కి బదులు 'ఆనా' అనడం ఆ ఇళ్ళ తెలుగులో మామూలే. దేవరాట్టం సంగతి మాత్రం చెప్పాలి. పెళ్ళి అయినా జాతర అయినా ఆ కులం మగవాళ్ళు కాళ్ళకు గజ్జెలు కట్టి, చేతుల్లో రుమాళ్ళు ఎగరేస్తూ, ఉరుమి వాద్యం గుర్రుమంటుంటే వరసగా నిలబడి ఆడే ఆట అది. వంగాలి, గొంతుక్కూర్చోవాలి, కూర్చున్నచోటి నుంచి గాల్లోకి లేవాలి. ఆ ఇంట పుట్టి ఆ వరసలో నిలబడని మగవాడు ఉన్నా లేనట్టే.

"నువ్వేం చేస్తుంటావు అప్పుడు?" అని అడిగారు డాక్టరుగారు కుర్రాణ్ణి.

"ఆడేవాళ్ళు ఎల్లారూ తుండులు తీసి నా భుజం మీద దాన్ వేస్తారయ్యా," అన్నాడు వాడు నవ్వుతూ. "ఒక జాతరలో చాకలాయన దండెం అనుకుని నన్నే కొంచెం ఎండకు జరిపినాడు."

అందరం నవ్వాం. అవ్వ నవ్వలేదు. ఆ మాట ఆమె అంతకుముందు చాలాసార్లు విన్నట్టుంది, ప్రతిసారీ అదే చోట గుచ్చుకున్నట్టుంది.

డాక్టరుగారు నేల మీద గొంతుక్కూర్చుని, ఒక కాగితం మీద ఆ కాలి బొమ్మ గీశారు. "కీలు మంచిదే అవ్వా. బరువు వంకరగా పడుతోంది, అంతే. బండిచక్రం ఒకపక్కే అరుగుతుంటే చక్రానికి మేకు కొట్టి తిరక్కుండా ఆపేస్తామా? ఇరుసు సరిచేస్తాం." కత్తెరతో బొమ్మను మోకాలికి బెత్తెడు పైన కత్తిరించి, కింది ముక్కను కొద్దిగా తిప్పారు. కాగితం కాలు చక్కగా నిలబడింది. "ఇక్కడ ఎముక కోసి, ఇలా తిప్పి, అతుక్కునేదాకా కదలకుండా పట్టుకుంటాం. కీలు జోలికి పోం. దేవుడిచ్చిన కీలు దేవుడిచ్చినట్టే ఉంటుంది."

అవ్వ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "కాయితానికి నొప్పి లేదు గదా," అంది. దాని మోకాలి మీద వేలు పెట్టి, "కాయితం కూసుంటాదా?" అంది.

డాక్టరుగారు కాగితం కాలిని మోకాలి దగ్గర మడిచి చూపించారు.

"సరి," అంది అవ్వ. "ఆనా ఈ ఊర్లో కొయ్యకూడదు. వైపారు ఏరు దాటితే మా జక్కమ్మ చూపు పారదు. చూపించేదానికి దాన్ ఏరు దాటి వస్తిని. కోసేది అక్కడ."

జక్కమ్మ వాళ్ళ ఇలవేల్పు. ఆ తల్లి చూపు వైపారు మీది సాత్తూరు వంతెన దగ్గర ఆగిపోతుందని నాకు అంతవరకూ తెలియదు. నర్సమ్మ ముఖం చిట్లించింది. డాక్టరుగారు మాత్రం పొలిమేర తగాదాలో కరణంలా గంభీరంగా తలూపి, "అలాగే, ఆవిడ తాలూకాలోనే కోద్దాం," అన్నారు.

కోవిల్‌పట్టిలో మాకు తెలిసిన చిన్న ఆస్పత్రి ఒకటుంది. గదికి పెద్ద కిటికీ, కింద బల్ల, పైన కప్పు. ఆ రోజుల్లో ఆపరేషనుకు అంతకంటే అడిగేవాళ్ళం కాదు. ఐప్పసి మాసం, వానాకాలం. మేం ముగ్గురం ఉలీ, సుత్తీ, మత్తుమందూ, ఏనుగుపిల్లంత బరువున్న సున్నప్పొడి డబ్బా మోసుకుని రైలెక్కాం. ఆ వాన ఎలాంటి వానంటే, సాత్తూరు స్టేషనులో చేపలు టిక్కెట్టు కొనడానికి వరసలో నిలబడ్డాయి. దారి పొడుగునా ఆ డబ్బా మీద నేనే కూర్చుని నా ఒంటితో కాపాడాను. కోవిల్‌పట్టిలో దిగి ఒంటెద్దు బండెక్కాం. ఆ బండి గూడుచాపకు ఒకే ఒక్క చిల్లు. ఆ చిల్లు సరిగ్గా డబ్బా మూత సందుకు ఎదురుగా ఉందని ఆస్పత్రి చేరాక తెలిసింది.

నర్సమ్మ మూత తీసి, పొడి చిటికెడు తీసి చూసింది. ఉండలు కట్టింది. "దోసెలకు పనికొస్తుంది, కాలికి కాదు," అంది. ఆమె అన్నది అరవంలోనే. నా చెవిలో పడ్డ అరవమంతా నోట్లోంచి తెలుగై వస్తుంది, క్షమించాలి.

"వేయించాలి," అన్నారు డాక్టరుగారు. చెమ్మ తగిలిన సున్నప్పొడిని సన్నసెగ మీద వేయిస్తే తేమ పోయి, దాని బలం దానికి తిరిగి వస్తుంది. అందులో వింతేమీ లేదు, మేం ఎన్నోసార్లు చేసిందే. కానీ ఆ డబ్బాడు పొడి పట్టే మూకుడు ఆ ఆస్పత్రిలో ఎక్కడుంది? వంటగదిలో ఉన్నది గంజి కాచే చట్టి ఒక్కటే.

ఆస్పత్రి వెనకగోడ అవతల ఒక వేరుసెనగ మిఠాయి కొట్టం ఉంది. మిఠాయి మేస్త్రి బొజ్జ ఎంతటిదంటే, మనిషి వీధి మలుపు తిరగడానికి ముందే బొజ్జ తిరిగి, అటు ఎవరైనా వస్తున్నారేమో చూసి చెప్పేది. ఆయన దగ్గర ఇనప మూకుడు ఉంది. అందులో ఇద్దరు పెద్దమనుషులు కాళ్ళు చాపుకుని నిద్రపోవచ్చు. మేం అడిగితే ఆయన మూకుడునీ మమ్మల్నీ మార్చి మార్చి చూశాడు.

"పిల్లనైనా ఇస్తాను గానీ మూకుడు చేయి దాటనివ్వను," అన్నాడు. "కావలిస్తే నేనే వేయించి పెడతా. ఒకటే మాట. దీన్ని నీళ్ళతో కడగకూడదు. మా నాయన కాలం నుంచీ కడగలేదు. కడిగితే పాకం అంటుకుంటుంది."

నర్సమ్మ ఆ మూకుడిలోకి, బావిలో పడ్డ బిందెను చూసినట్టు చూసింది. గుడ్డతో నాలుగుసార్లు గట్టిగా తుడిపించి, తుడిచిన గుడ్డ చూసి మళ్ళీ తుడిపించి, చివరికి ఒప్పుకుంది. మేస్త్రి పొయ్యి ముట్టించాడు. బొడ్లోంచి నిమ్మకాయంత తాటిబెల్లం ముక్క తీసి, కళ్ళకద్దుకుని, పిళ్ళైయారును తలుచుకుని, వేడెక్కుతున్న మూకుడులో వేశాడు. అది ఆయన వృత్తి ఆచారం. పొయ్యి మీద మూకుడు పెడితే మొదటి ముక్క వినాయకుడిది. ఆ ముక్క వెయ్యకుండా ఆయన జీవితంలో ఎన్నడూ గరిటె పట్టలేదు.

మేమందరం చూశాం. డాక్టరుగారు చూశారు. చూడటమేమిటి, చేతులు కూడా జోడించాం. నర్సమ్మ కూడా తన దేవుడికి ఏదో చెప్పుకుని "ఆమెన్" అంది. మద్రాసు చదువూ, తిరునల్వేలి క్రమశిక్షణా, నా మగ్గం తెలివీ మూడూ వరసగా నిలబడి, తాటిబెల్లం కరిగిన మూకుడులో సున్నప్పొడి పోయడాన్ని భక్తిగా చూశాయి.

ఆయన వేయించిన తీరు మాత్రం చెప్పుకోవాలి. గరిటె అడుగు తాకేది, పొడి పైకి లేచేది, ఒక్క గింజ మాడేది కాదు. "చిటపటమనడం లేదేం?" అని మధ్యలో కొంచెం బాధపడ్డాడు. కమ్మటి వాసన వీధంతా కమ్మింది. డాక్టరుగారు గాలి పీల్చి, "ఇంత మంచి వాసన మద్రాసులో కూడా రాలేదు," అన్నారు. అనుమానించవలసింది అక్కడే. నేను మాత్రం ఆ మధ్యాహ్నమంతా కూర్చుని, వేయించిన పొడి గుడ్డకు రుద్ది చుట్టలు చుట్టాను.

మర్నాడు పొద్దున్నే వాన తెరిపిచ్చింది. కిటికీలోంచి మంచి వెలుతురు వచ్చింది. అవ్వ తలుపు బయట కూర్చుంది. ఆమె వెనక ఆ పల్లెలో సగం ఉంది. నర్సమ్మ మత్తుమందు చుక్కలు చుక్కలుగా వేసి కుర్రాణ్ణి నిద్రపుచ్చింది. డాక్టరుగారు మోకాలి పైన లోపలిపక్క చిన్న కోత పెట్టి, ఉలి ఆనించి, సుత్తితో కొట్టసాగారు. టక్, టక్, టక్. కంసాలి కొట్టంలా ఉంది గది. ఎముకను ముప్పాతికభాగం దాకా ఉలితో కోసి, మిగిలిన పాతిక భాగాన్ని చేత్తో విరవాలి. ఆయన రెండు చేతులతో కాలు పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కసారి వంచారు. పచ్చి కొమ్మ విరిగిన చప్పుడైంది.

తలుపు అవతల నుంచి అవ్వ గొంతు వచ్చింది. "విరిగిందా?"

"విరిచాం అవ్వా," అన్నాన్నేను.

"విరిచేదానికి ఇంత చదువు కావాలా? మా ఎద్దు ఊరికే విరిచి ఉండునే!"

నర్సమ్మ నవ్వు ఆపుకోవడానికి సీసా లేబులు చదవడం మొదలుపెట్టింది. డాక్టరుగారు కాలును తిన్నగా లాగి పట్టుకున్నారు. గాయం మీద కట్టు వేశాక, నేను మావుచుట్టలు ముంచి తొడ మొదలు నుంచి పాదం దాకా చుట్టాను. చుట్టి, నునుపు చేసి, నేను మోకాలి దగ్గరా ఆయన మడమ దగ్గరా గట్టిగా పట్టుకుని నిలబడ్డాం. ఇక ఆకూ వక్కా నమిలేంతసేపే.

ఆకూ వక్కా నమిలేంతసేపు అయింది. తమలపాకు తోట మొత్తం నమిలేంతసేపు అయింది.

"ఏమయ్యా?" అన్నారు డాక్టరుగారు.

"మజ్జిగలాగే ఉందండీ."

ఇంకాసేపు ఆగి, "ఇప్పుడు?"

"పెరుగు. పల్చటి పెరుగు."

కట్టు గట్టిపడకపోతే లోపల కోసిన ఎముక తన పాతదారి పడుతుంది. వంకరగా అతుక్కుంటే ఆ పెద్దూరి డాక్టరు చెప్పిన బీగమే గతి. వదిలామా, ఆ కాలు జన్మలో ముడుచుకోదు.

అప్పుడు నర్సమ్మ నేలకేసి చూసి, "అయ్యో, చీమలు!" అంది. గోడవారగా ఎర్రచీమలు పెళ్ళివారిలా బారుతీరి వస్తున్నాయి. బల్లకోడు ఎక్కి, దుప్పటి దాటి, తిన్నగా మావుకట్టు మీదికి చేరుతున్నాయి. ఒక చీమ కట్టును నాకి, వెనక్కి పరిగెత్తి మిగతావాళ్ళకు కబురు చెప్పడం నేను నా కళ్ళతో చూశాను. నర్సమ్మ కట్టు అంచున రాలిన ముద్ద వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు పెద్దవి చేసింది.

"తీపి!"

మిఠాయి మేస్త్రికి కబురు పోయింది. బొజ్జ ముందూ, ఆయన వెనకా వచ్చారు. నర్సమ్మ నిలదీస్తే ఆయన అమాయకంగా ముఖం పెట్టాడు. "పిళ్ళైయారుకు వెయ్యకుండా పొయ్యి ఎలా ముట్టిస్తానమ్మా? మీ ఎదురుగానే గదా వేశాను. నువ్వు ఆమెన్ కూడా అన్నావే!"

నర్సమ్మ మూతి ముడుచుకుని చీమల్ని దులపడం మొదలుపెట్టింది. డాక్టరుగారు మాత్రం మడమ వదలకుండానే నవ్వారు. "బెల్లం పడితే గట్టిపడటం ఆలస్యమవుతుంది. అంతే, అసలు గట్టిపడకపోదు. ఇప్పుడు కట్టు విప్పితే ఎముక కదులుతుంది. వేరే పొడీ లేదు. పట్టుకుందాం."

పట్టుకున్నాం. నా చేతులు ముందు నొప్పెట్టాయి, తర్వాత మంటెత్తాయి, తర్వాత అవి నావి కావన్నట్టు ఉండిపోయాయి. డాక్టరుగారి ముక్కు చివర నుంచి చెమట చుక్కచుక్కగా పడుతోంది. నర్సమ్మ ఒక చేత్తో కుర్రాడి నాడి చూస్తూ, రెండో చేత్తో చీమలతో యుద్ధం చేస్తోంది. బల్లకోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టించింది. అప్పటికే ఎక్కినవి మాత్రం దిగనన్నాయి.

డాక్టరుగారు బలం చాలక మోచేతులు బల్ల అంచుకు ఆనించారు. అది తలుపు సందులోంచి అవ్వకు కనిపించింది. ఆమె తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది. "మీ ముగ్గురి కాలా అది? మా ఇంటి కాలు గదా! జరగండి, మేము పడతాము."

నర్సమ్మ అడ్డం తిరిగింది. "సబ్బుతో మోచేతుల దాకా కడగనిదే ఎవరూ తాకడానికి లేదు."

"కడుగు తల్లీ. తోలు ఒక్కటి మిగిలించు," అంది అవ్వ, చేతులు చాపి.

పల్లె వరసగా చేతులు కడుక్కుంది. అవ్వ మోకాలి కింద పట్టుకుంది. కుర్రాడి మేనమామ తొడ పట్టుకున్నాడు. మిఠాయి మేస్త్రి, "తప్పు నా పిళ్ళైయారుది, పట్టూ నాదే," అని మడమ కింద అరచేతులు పెట్టాడు. గరిటె తిప్పి తిప్పి కాయకాచిన ఆ చేతుల్లో పాదం గూట్లో దీపంలా కదలకుండా నిలిచింది. డాక్టరుగారు ఒక్కొక్క వేలే విడిపించుకుని, వెనక్కి అడుగులేస్తూ తలుపు దాకా వెళ్ళి, గోడకు చేరగిలబడ్డారు.

గోడకు చేరగిలబడ్డ మనిషి ఉన్నట్టుండి నిటారుగా నిలబడ్డారు.

అంతసేపూ మడమ పట్టుకుని ఉన్నందువల్ల ఆయనకు కనిపించింది మడమే. ఇప్పుడు దూరం నుంచి తుంటి, మోకాలు, పాదం మూడూ ఒక్కసారిగా కనిపించాయి. వంకర పోయింది, నిజమే. కానీ పాదం బయటికి తిరిగి ఉంది. ఎడమ పాదం కప్పును చూస్తుంటే కుడిపాదం పక్కూరు కడంబూరు వైపు చూస్తోంది. కింది ఎముక మెలి తిరిగింది. అలాగే అతుక్కుంటే వాడు తిన్నగా నిలబడతాడు, కానీ గొంతుక్కూర్చోలేడు.

మామూలు మావుకట్టయితే ఈపాటికి రాయి. ఆ తిరిగిన పాదం రాతిలో ఉండిపోయేది. వారాల తర్వాత కట్టు విప్పినప్పుడు చూసి ఏడ్చేవాళ్ళం.

"కట్టు ఎలా ఉంది?" అని అరిచారాయన. ఆ సన్నటి గొంతులోంచి అంత అరుపు రావడం అదే మొదలు.

అవ్వ వేలితో నొక్కి చూసింది. "జున్ను."

"దేవుడా, జున్నే చాలు!" నర్సమ్మ ఇంకో నాలుగు చుక్కలు మత్తు వేసింది. మేస్త్రిని మడమ వదలొద్దన్నారు డాక్టరుగారు. తాను తలుపు దగ్గరే నిలబడి, అక్కణ్ణుంచే చెప్పసాగారు. "మేస్త్రీ, లోపలికి. ఇంకాస్త. పాకం తీగ సాగినంత మెల్లగా. ఇంకాస్త. చాలు! అవ్వా, నువ్వు కదలకు."

"నేను కదిలి చాలా ఏండ్లాయె," అంది అవ్వ.

రెండు పాదాలూ కప్పును చూశాయి. నేను కట్టు ముడతలు తడి అరచేత్తో నునుపు చేశాను. చేతులు మారాయి, కాలు మారలేదు. నలుగురు పట్టుకుంటే నలుగురు చేతులు విదిలించుకునేవాళ్ళు. కుర్రాడు నెమ్మదిగా కళ్ళు తెరిచి, తన కాలి చుట్టూ ఉన్న జనాన్ని చూసి, "ఏంది అవ్వా, మోసుకుని పోతా ఉండారా నన్ను?" అన్నాడు. "నోరు ముయ్యి. నిన్ను నిలబెడతా ఉండాము," అంది అవ్వ.

పొద్దు వాలుతుండగా మేస్త్రి కట్టును వేలితో కొట్టి చూశాడు. ణంగుమంది. అందరం ఒకరి తర్వాత ఒకరు కొట్టి చూశాం. ఆ సాయంత్రం మేస్త్రి మా అందరికీ వేరుసెనగ మిఠాయి పంచాడు. నర్సమ్మ ఆ రోజు ఇక తీపి ముట్టనంది. అని, రెండు అచ్చులు తిన్నది.

వారాల తర్వాత కట్టు కోసి విప్పాం. లోపల చీమలు ఒక పంచాయతీ బోర్డు పెట్టుకుని, పన్నులు కూడా వసూలు చేస్తున్నాయి. కాలు మాత్రం తిన్నగా ఉంది. మోకాలు మొదట్లో బిగుసుకుని మొండికేసింది. నూనె మర్దనా, వేణ్ణీళ్ళూ, అవ్వ తిట్లూ మూడు పూటలా పడ్డాయి. నెలలు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా వంగింది. ఒకరోజు వాడు ఆమె ఎదురుగా నేలమీద కూర్చుని సంకటి తిన్నాడని కబురొచ్చింది. డాక్టరుగారు ఆ కబురు విని, ఉత్తి చేతులతో కాగితం మడిచినట్టు మడిచి చూపించి, మళ్ళీ పనిలో పడ్డారు.

చాలా ఏళ్ళ తర్వాత ఆయన వేరే ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఆయన దగ్గర నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. పట్టుకున్నవాడికి తాను పట్టుకున్నది సరిగా కనిపించదనీ, ఇంకొకరి చేతికిచ్చి నాలుగడుగులు వెనక్కి వెయ్యడం కూడా వైద్యమేననీ నేర్చుకుంది మాత్రం ఆ ఒక్క రోజే. ఆ తాటిబెల్లం ముక్కకు నేనిప్పటికీ రుణపడి ఉన్నాను. మా ఇంట్లో ఏ శుభకార్యానికైనా మొదటి ముక్క వినాయకుడిదే. అయితే మూకుడు కడిగిన తర్వాతే.

కట్టు విప్పిన రెండేళ్ళకు ఆ పల్లె జాతరకు పిలుపొచ్చింది. డాక్టరుగారూ, నర్సమ్మా, నేనూ వెళ్ళాం. మిఠాయి మేస్త్రి బండెడు అచ్చులతో ముందే చేరి ఉన్నాడు. మైదానంలో ఉరుమి మోగడం మొదలైంది. మగవాళ్ళు గజ్జెలు కట్టుకుని వరస తీరుతున్నారు. కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. భుజం మీది తుండు తీసి నా భుజం మీద వేశాడు. "కొంచెం పట్టుకోండయ్యా," అని వరసలోకి వెళ్ళి నిలబడ్డాడు. వాణ్ణి చూసి మిగతావాళ్ళందరూ తమ తుండులు కూడా నా మీదే పడేసి వెళ్ళారు.

ఇక్కడి నుంచి చెప్పేది మాత్రం నాలుగుతో భాగించకండి. మా ఆవిడకూ అదే చెప్పాను.

ఉరుమి జోరందుకుంది. వరస మొత్తం ఒక్కసారిగా వంగి గొంతుక్కూర్చుంది. వాడి కుడి మోకాలు ముడుచుకుంది, నేల దాకా ముడుచుకుంది. లేవాల్సిన క్షణం వచ్చింది. అప్పుడు నేను నా చేతులు చూసుకున్నాను. అవి నాకు తెలియకుండానే ముందుకు చాచి ఉన్నాయి, వేళ్ళు వంచి, గాల్లో ఏదో కాలిని పట్టుకున్నట్టు. పక్కకు చూశాను. నర్సమ్మ చేతులూ అలాగే ఉన్నాయి. మేస్త్రి అరచేతులు మడమ కింద పెట్టినట్టు గిన్నెలా ఉన్నాయి. అవ్వ చేతులు మోకాలి ఎత్తున గాల్లో ఆగి ఉన్నాయి. డాక్టరుగారు ఒక్కరే అందరికీ వెనక, నాలుగడుగుల దూరంలో నిలబడి, వాడి పాదాలకేసి చూస్తున్నారు.

గజ్జెలు ఘల్లుమన్నాయి. వాడు లేచాడు.

మేం చేతులు దించుకున్నాం.